‘ఇంటికి తోలుకపోండి’ అన్న తర్వాత

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పండుగ నాడు జబ్బుల మాట ఎందుకని మీకు అనిపించవచ్చు. మన తొలి బ్యాచ్‌ల వాళ్లు అరవై దాటారు. ఎనభై దాటిన అమ్మానాన్నలు మనలో చాలామంది ఇళ్లలో ఉన్నారు. ఇంతమందిమి ఒక్కచోట కూడడం మళ్లీ ఎప్పుడో. అందుకే ఈ మాట ఇక్కడే చెప్పదలచుకున్నాను.

పట్నంలోని పెద్ద దవాఖానలో నెలల తరబడి తిరిగాక, ఒక రోజు డాక్టరు గారు “ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తోలుకపోండి” అంటారు. జబ్బు నయం కాదని దాని అర్థం. కానీ నొప్పి, వాంతులు, ఆయాసం, నిద్రలేమి, వీపు మీద పుండ్లు, భయం రోగితో పాటే ఇంటికి వస్తాయి. వీటన్నింటికీ వైద్యం ఉంది. దాన్నే పాలియేటివ్ కేర్ అంటారు, తెలుగులో ఉపశమన చికిత్స. ఇది క్యాన్సర్‌కే పరిమితం కాదు. గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి, పక్షవాతంతో మంచం పట్టినవారికీ అవసరం. చివరి రోజుల దాకా ఆగనక్కరలేదు, అసలు వైద్యం నడుస్తుండగానే మొదలుపెట్టవచ్చు.

దీనికి దారి చూపినవారు సిసిలీ సాండర్స్. నర్సుగా, సామాజిక కార్యకర్తగా పనిచేసి, ఆ తర్వాత డాక్టరై, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. నొప్పి ఒంటికే కాదు, మనసుకూ, కుటుంబానికీ ఉంటుందని, అన్నింటినీ కలిపి చూడాలని ఆమె చెప్పారు. మన దేశంలో 1986లో ముంబైలో శాంతి అవేదనా సదన్ మొదలైంది. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, ఆయన సహచరులు ప్రారంభించిన సొసైటీ ఈ సేవను మరో మెట్టు ఎక్కించింది. కేరళలో తర్వాత మామూలు ఊరి జనమే శిక్షణ తీసుకొని ఇరుగుపొరుగు రోగులను చూసుకోసాగారు.

మనకు దగ్గర్లో ఏముంది? కుల్కచర్ల నుంచి పరిగి, మన్నెగూడ, చేవెళ్ల మీదుగానే పట్నం పోతాం కదా. తెలంగాణ ప్రభుత్వం ఈ సేవను ప్రయోగాత్మకంగా మొదట ప్రారంభించింది ఆ చేవెళ్లలోనే. తర్వాత ఇతర జిల్లాలకు విస్తరించింది. మంచం దిగలేనివారి ఇంటికే సిబ్బంది వచ్చే వాహనానికి ‘ఆలన’ అని పేరు పెట్టారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖానలో డాక్టర్ గాయత్రి పాలత్ ఆధ్వర్యంలో ఈ విభాగం పెరిగింది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ వారు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్‌లో రోగి దగ్గర డబ్బు తీసుకోరు.

మార్ఫిన్ గురించి ఒక మాట. ఆ పేరు వినగానే ‘మత్తుమందు’ అని భయపడతాం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కఠినంగా ఉండటంతో దవాఖానలు కూడా దాన్ని పెట్టుకోవడానికి జంకాయి. 2014లో చట్టాన్ని సవరించి లైసెన్సుల చిక్కు తగ్గించారు. తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986 నుంచీ సూచిస్తున్న మందు ఇది. మామూలు మాత్ర అయితే నొప్పి వచ్చేదాకా ఆగకుండా, సాధారణంగా నాలుగు గంటలకోసారి గడియారం చూసి వేయాలి. మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికీ మందు రాస్తారు. డాక్టరు చూస్తుండగా వాడితే అలవాటుగా మారడం అరుదు. భయంతో మాత్ర దాచిపెడితే ఆ రాత్రి బాధ రోగిదే.

నేను ఇంజనీరును, డాక్టరును కాను. మందులు డాక్టరే చెప్పాలి. ఏర్పాట్లు మాత్రం మన చేతిలో పని. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, నోరు శుభ్రం చేయాలి, రాత్రి మేలుకోవాలి. ఈ బరువంతా మామూలుగా ఇంట్లో ఒక్క ఆడమనిషి మీద పడుతుంది. ఆమె కూలికి పోలేదు. ఒక్కోసారి తొమ్మిదో, పదో తరగతి చదివే ఆడపిల్ల బడి మానేస్తుంది. హాజరు పట్టీలో అది ఒట్టి గైర్హాజరే.

అందుకే మన సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాను. ఒకటి, గాలి పరుపు, చక్రాల కుర్చీ, కమోడ్ కుర్చీ కొన్ని కొని ఊళ్లో ఉంచుదాం. అవసరమైనవారు వాడుకొని తిరిగి ఇస్తారు. రెండు, మండలంలో ఉంటున్న పదిమంది పూర్వ విద్యార్థులం శిక్షణ తీసుకుందాం. వారానికి రెండు గంటలు రోగి దగ్గర కూర్చుంటే ఆ ఇల్లాలు కాస్త కునుకు తీస్తుంది. పట్నం నుంచి మందులు తెచ్చే పని కూడా పంచుకోవచ్చు. మూడోది గురువులకు విన్నపం. పిల్ల వరుసగా బడికి రాకపోతే ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడగండి. అలాంటిదేమైనా ఉంటే సంఘానికి ఒక్క ఫోన్ చేయండి.

భవనానికి రంగులు వేద్దాం, రాతిఫలకం మీద పేర్లు చెక్కిద్దాం, తప్పులేదు. దానితో పాటు ఈ ఏడాది కుల్కచర్ల మండలంలో ఒక్క ఇంట్లోనైనా రోగి నొప్పి లేకుండా రాత్రి నిద్రపోయేలా, ఆ ఇంటి పిల్ల తెల్లారి బడికి వచ్చేలా చూద్దాం. ఈ పనికి ముందుకొచ్చేవారు భోజనాలకు లేచే ముందు తమ పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వండి. నా పేరు మొదట రాసుకోమని చెప్పాను.