కూర్మసేవ



దశావతారములలో రెండవది కూర్మావతారము. పాలకడలిని చిలుకువేళ మునిగిపోవుచున్న మందరగిరిని శ్రీమన్నారాయణుడు తాబేలై వీపున ధరించినాడు. శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మక్షేత్రములో నేటికిని స్వామి ఆ రూపముననే పూజలందుకొనుచున్నాడు. ఇంట తాబేలుండిన మేలని తలచి బావిలోనో తొట్టిలోనో ఉంచువారు మనలో కలరు. అది జబ్బుపడినప్పుడు గృహస్థుని ధర్మమేమి? ఈ రేగోడ్ సభలో మేము విన్నవించు విషయమిదియే.

మహాభారతము అరణ్యపర్వమున ఇంద్రద్యుమ్నుని కథ యున్నది. కీర్తి మాసి స్వర్గమునుండి జారిన ఆ రాజు, తన్నెరిగినవారు భూమిపై ఎవరైన ఉన్నారా యని వెదకెను. మార్కండేయ మహర్షి ఎరుగడు. గుడ్లగూబ ఎరుగదు. నాడీజంఘుడను కొంగయు ఎరుగదు. చివరకు అకూపారుడను తాబేలు అతని తలచి కన్నీరు పెట్టుకొనెను. రాజు దానమిచ్చిన గోవుల గిట్టల తొక్కిడికి ఏర్పడిన సరస్సే దాని నివాసము. ఆ సాక్ష్యముతో రాజుకు మరల స్వర్గము లభించెను. ఇందలి మర్మము గమనింపుడు. రాజు తాబేలును పట్టి తెచ్చి పూజింపలేదు. అతని దానమువలన దానికి తగిన చోటు కలిగినది.

గీత ద్వితీయాధ్యాయమున స్థితప్రజ్ఞునికి, అవయవములు ముడుచుకొను తాబేలు ఉపమానము. అయితే జబ్బు తాబేలును ముడుచుకొనియే యుండును. ధ్యానములో ఉన్నదనుకొని ఊరకుండరాదు. అది ఆవువలె అంబా యని పిలువలేదు. మేత మానుట, కన్నులుబ్బి మూసుకొనుట, ముక్కు కారుట, నోరు తెరచి ఊపిరి తీయుట, నీట ఒక ప్రక్కకు ఒరిగి తేలుట, డిప్ప మెత్తబడుట, ఇవియే దాని మొర.

తాబేలు తన ఒంటికి చాలిన వేడిని తానే పుట్టించుకొనలేదు. ఎండ తగిలిననే దాని తిండి అరుగును. ఎండయు కాల్షియమును కరవైన డిప్ప మెత్తబడును. చీకటి బావిలో అది ఎట్లు సుఖపడును? డిప్ప కేవలము కవచము కాదు, ప్రాణమున్న ఎముక, స్పర్శ తెలియును. దానికి రంగులు పూయుట, చిల్లులు పొడుచుట హింసయే. పాలు, పులిహోర దానికి పడవు. నక్షత్ర తాబేలు మెట్టజీవి, గడ్డి, ఆకులు మేయును. లోతు నీట విడిచిన మునిగి చచ్చును. చెరువు తాబేలు నత్తలను, చేపలను తినును. మన నియమము దానికి పెట్టి పస్తుంచరాదు.

జబ్బు తాబేలును గాలియాడు పెట్టెలో, శుభ్రమైన గుడ్డపై, వెచ్చగా, సద్దులేనిచోట ఉంచి పశువైద్యునికి చూపవలెను. మన మందులు దాని నోట పోయరాదు. దానిపై సాల్మొనెల్లా యను క్రిమి యుండవచ్చును గనుక, తాకినపిమ్మట పిల్లలును పెద్దలును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

నక్షత్ర తాబేలును ఇంట ఉంచుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారమును కూడ నిషేధించిరి. అందుచేత అటవీశాఖవారికి తెలిపి అప్పగింపుడు. పుణ్యమని మనంతట మనమే చెరువులో విడువరాదు. దాని జబ్బు అక్కడి తాబేళ్లకు అంటవచ్చును.

సేవ యనగా మన మనస్సుకు తృప్తినిచ్చునది కాదు, సేవ పొందువానికి హితమైనది. కొండను మోసిన స్వామి మననుండి కోరునది పసుపు కుంకుమలు కాదు, ఆ మూగజీవిపై కాసింత ఎచ్చరిక. అది మీకు కలుగుగాక యని మా ఆశీస్సు.

స్వస్తి.