పాతికేండ్ల సైకిలు, మొదటి విద్యుత్ సైకిలు

సైకిలు అలవాటు లేనివారు విద్యుత్ సైకిలు కొనుట సులభము. దుకాణమునకు పోయి, రంగు చూచి, ధర అడిగి, ఇంటికి తెచ్చుకొందురు. పాతికేండ్లు త్రొక్కినవారికే చిక్కంతయు. వారి కాళ్లకు అలవాట్లున్నవి, అభిప్రాయములున్నవి, కొంచెము గర్వము కూడ కలదు. మేము ఆ రెండవ తెగవారము. విశాఖపట్టణములో తెల్లవారుజామున మొదటి ప్రసారమునకు సైకిలుమీద పోవుట మాకు చిరకాలపు అలవాటు. సముద్రతీరమునుండి వాల్తేరు మెరకకు ఎక్కు దారిలో దిగి నడచుట మేమెరుగము. కడచిన వానకాలములో ఒకనాడు దిగితిమి. కుడి మోకాలు ఇక రానన్నది. పాలక్యానులు కట్టుకొన్న పెద్దమనిషి యొకడు త్రొక్కుచునే మమ్ము దాటిపోయెను. అతడు వెనుదిరిగి చూడకపోవుట అతని మంచితనము.

ఇంటిలో స్కూటరు మాట వచ్చినది. “సైకిలు మీకు ముద్దే, కానీ ఆ మోకాలికి రాత్రిళ్లు కాపడం పెట్టేది నేనండీ” అని మా ఇంటి యిల్లాలు అన్నప్పుడు బదులు చెప్పుటకు మావద్ద ఏమియు లేకపోయినది. అయినను స్కూటరెక్కినచో త్రొక్కుట అంతటితో ముగియును. మోకాలిపై భారము తగ్గవలెను గాని దాని కదలిక పోరాదు. ఈ రెంటికిని నడుమ దారి యున్నదా యని వెదకుచు విద్యుత్ సైకిలు కడకు వచ్చితిమి.

ఈ వస్తువు నిన్న మొన్నటిది కాదు. వెనుక చక్రపు ఇరుసులో మోటారు నమర్చిన సైకిలుకు ఆగ్డెన్ బోల్టన్ అను అమెరికను 1895 లోనే పేటెంటు పొందెను. త్రొక్కువాని బలమును కనిపెట్టి దానికి తోడు బలము నిచ్చు సైకిలును జపానులోని యమహా సంస్థ 1993 లో విపణికి తెచ్చినది. మనకు కావలసినది ఈ రెండవ భావము. తాను మోయునది కాదు, తోడు వచ్చునది.

తోడు ఎంతవరకు వచ్చును? మన మోటారు వాహనముల నిబంధనల ప్రకారము మోటారు శక్తి 250 వాట్ల లోపున, వేగము గంటకు 25 కిలోమీటర్ల లోపున, బ్యాటరీని మినహాయించి బరువు 60 కిలోలకు మించక ఉన్న బండి మోటారు వాహనము కాదు. లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కరలేదు. ఐరోపాలో కూడ తోడ్పాటు 25 కిలోమీటర్ల కడనే ఆగును. అలవాటుపడిన సైకిలిస్టు ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. తేలికబండిపై సమతలమున 26, 27 కిలోమీటర్ల వేగముతో పోవువాడు విద్యుత్ సైకిలెక్కినచో, ఆ వేగమున మోటారు నిద్రించుచుండును. అదనపు బరువు మాత్రము మేలుకొనియుండును. అట్టివాడు మొదటి వారములోనే నిరాశపడును. వేగము పెంచుకొనుటకు దీనిని కొనరాదు. ఎక్కుడు దారికి, ఎదురుగాలికి, బరువుకు దీనిని కొనవలెను.

ఎక్కుడు దారి లెక్క చూడుడు. మనిషి, సైకిలు కలిసి 95 కిలోలు. దారి నూరడుగులకు ఐదడుగులు లేచుచున్నది. వేగము గంటకు 12 కిలోమీటర్లు. దీనికి సుమారు 190 వాట్లు కావలెను. ఆరోగ్యవంతుడైన సామాన్యుడు గంటసేపు ఆగక ఇయ్యగలది 75 మొదలు 100 వాట్ల వరకే. మోటారు నూరు వాట్లిచ్చినచో మనకు మిగులునది తొంబది. అనగా ఆ మెరక మన కాళ్లకు ఇంచుమించు చదునైన రోడ్డగును. 250 వాట్లు చాలవేమో అని సందేహించువారు ఈ లెక్కను మరల ఒకసారి వేసికొనవచ్చును.

వాట్లకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. దుకాణములవారు దానిని గూర్చి అడిగినగాని చెప్పరు. మనము త్రొక్కుచున్నామని మోటారుకు తెలియుట ఎట్లు? చౌకబండ్లలో పెడళ్లు తిరుగుచున్నవా లేదా అని మాత్రమే కనిపెట్టు అమరిక యుండును. తిరిగినచో మోటారు నడచును, ఆగినచో ఆగును, రెండును క్షణమాలస్యముగ. ఖరీదైనవానిలో పెడలుపై పాదమెంత బలముగ నొక్కుచున్నదో కొలుచు అమరిక యుండును. మెల్లగా నొక్కిన కొంచెము, గట్టిగా నొక్కిన హెచ్చుగా తోడ్పాటు వచ్చును. మొదటి రకము బండిని మేము ఒక దుకాణమునొద్ద నడిపి చూచితిమి. ఇరుకు సందు మలుపులో, అలవాటు చొప్పున, నిలకడకై పెడలును అరచుట్టు త్రిప్పితిమి. మోటారు దానిని ఆజ్ఞగా తలచి ముందుకు దుమికినది. ఎదుటి కొబ్బరిబొండముల బండికి జానెడు దూరములో బ్రేకు పట్టినది. కొత్తవారు ఆ దుముకును వారము దినములలో నేర్చుకొందురు. మాకు పాతికేండ్ల అలవాటును మరచిపోవలసివచ్చును, అది నేర్చుకొనుటకంటె కష్టము. కాబట్టి అనుభవజ్ఞులు సొమ్మును మొదట ఈ బలమును కొలుచు అమరికపై వెచ్చించవలెనని మా అభిప్రాయము. మోకాళ్లు బొత్తిగా చెడినవారికి మాత్రము మొదటి రకమే మేలు కావచ్చును. అందులో బలముపెట్టక పాదములు త్రిప్పినను బండి సాగును.

మోటారు ఇరుసులోనా, పెడళ్ల నడుమనా అను వివాదమున్నది. నడుమనున్న మోటారు గొలుసు ద్వారా గేర్లను వాడుకొనును గనుక నిడుపైన కొండదారులకు అదే తగినది. కాని గొలుసు, పళ్లచక్రములు త్వరగా అరుగును. ఇరుసు మోటారు నిడుపైన మెరకలో నెమ్మదిగా పోవలసివచ్చినచో వేడెక్కును. పట్టణపు మెరకలకు అది చాలును.

ఇక బ్యాటరీ. ఒక్క చార్జికి ఇన్ని కిలోమీటర్లని వ్రాసిన అట్టముక్కను ప్రక్కన పెట్టి, వోల్టులను ఆంపియరు-గంటలతో హెచ్చవేయుడు. 36 వోల్టులు, 10 ఆంపియరు-గంటలు అయినచో 360 వాట్-గంటలు. మధ్యరకపు తోడ్పాటుతో కిలోమీటరుకు 8 మొదలు 15 వాట్-గంటల వరకు ఖర్చగును. మాకు రానుపోను 18 కిలోమీటర్లు. హెచ్చు లెక్కయే తీసికొన్నను 270. కొన్ని వందల చార్జీల పిదప బ్యాటరీ శక్తి ఐదింట నాలుగు వంతులకు దిగినను 288 ఉండును. అప్పటికిని ఇల్లు చేరుదుము. ఇంతకంటె పెద్దది మాకు మోత. నాలుగేండ్ల తరువాత ఇదే అచ్చు బ్యాటరీ దొరకునా అనునది అడుగవలసిన మరియొక ప్రశ్న. మా యెండలకు లిథియము బ్యాటరీ ఓర్వదు. ఎండలో నడిపి తెచ్చినదానిని చల్లారనిచ్చి చార్జి చేయవలెను. నిండుగా చార్జి చేసి రోజుల తరబడి వేడిగదిలో ఉంచరాదు. అందరు నిద్రించు వేళ గుమ్మమునకడ్డముగ చార్జింగునకు పెట్టరాదు.

కొనుటకు ముందు మా వీధి చివర పంక్చర్లు వేయు ముసలి మేస్త్రీకి బండిని చూపితిమి. అతడు మోటారును చూడలేదు. వెనుక భాగమును రెండు చేతులతో లేపి చూచి, “బాబూ, కరెంటు అయిపోతే దీన్ని తొక్కగలరా? మీ మేడమెట్లు ఎక్కించగలరా?” అని అడిగెను. బండి 23 కిలోలు. మేము మెట్లెక్కించి చూచితిమి, ఎనిమిదవ మెట్టు దగ్గర ఆగితిమి. అందుచేత బ్యాటరీ విడదీయుటకు వీలైన బండినే ఎన్నుకొంటిమి. బండి క్రింద, బ్యాటరీ పైన. ఇరుసు మోటారున్న చక్రమును ఊడదీయుటకు తీగ విప్పవలెను, పెద్ద రెంచి కావలెను. అయినను మన మేస్త్రీలు చక్రము తీయకయే ట్యూబును ప్రక్కనుండి లాగి ప్యాచీ వేయుదురు గనుక ఆ భయము మనకు తక్కువ. సముద్రపు టుప్పుగాలికి తీగల అతుకులు తుప్పుపట్టుట మాత్రము నిజమైన భయము. బరువు పెరిగినది కాబట్టి డిస్కు బ్రేకులు కావలెనని పట్టుబట్టితిమి.

బలమును కొలుచు అమరిక, వెనుక ఇరుసు మోటారు, 360 వాట్-గంటల బ్యాటరీ గల బండిని తెచ్చి మూడు నెలలైనది. మెరక దగ్గర తోడ్పాటును రెండవ మెట్టుకు పెట్టుదుము, చదునున ఆర్పివేయుదుము. మోకాలు ఇంకను అప్పుడప్పుడు పలుకును, కాపడము మాత్రము తప్పినది. పాత సైకిలును అమ్మలేదు. ఆదివారములందు గాలి కొట్టి, తీరపు రోడ్డున దానినే త్రొక్కుచున్నాము. పాలక్యానుల పెద్దమనిషి మొన్న మెరకమీద కనబడి, కొత్తబండిని చూచి, “అయితే ఇది మీరు తొక్కినట్టా, అది తొక్కినట్టా బాబూ?” అని అడిగెను. సగము సగమని చెప్పితిమి.