కంటికి కానరాని సహాధ్యాయులు
(విజయవాడ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

ఈ మహాసభలో విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుడని ఆహ్వానసంఘమువారు మమ్ము ఆజ్ఞాపించిరి. మేము నలువది యేండ్లు నీటిపారుదలశాఖలో కాలువగట్లమీద తిరిగినవారమే కాని విద్యావేత్తలము కాము. అయినను ఉద్యోగము విరమించిన పిమ్మట, ముఖమెరుగనివారితో గూడి అంతర్జాలమున చదువుకొన నారంభించితిమి. అందు కొన్ని దెబ్బలు తిని, కొన్ని సంగతులు నేర్చితిమి. వానినే తమకు మనవి చేసెదము.

మన పెద్దలు వసతిగృహములు కట్టించిరి, విద్యార్థివేతనము లేర్పరచిరి. ఆ పుణ్యముచే నేడు మనలో వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు, ఆడిటర్లు, ఉపాధ్యాయులు పెక్కురు గలరు. అయితే పట్టముతో చదువు ముగియు కాలము గతించినది. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. అమలునకు వచ్చినప్పుడు, పాతికేండ్ల అనుభవముగల ఆడిటరును, నిన్న పరీక్ష ప్యాసైన కుర్రవాడును మరల ఓనమాలు దిద్దవలసివచ్చెను. 2020లో కరోనావలన బడులు మూతపడగా, ఉపాధ్యాయులు ఫోనులో పాఠము చెప్పుటను రాత్రికి రాత్రి నేర్వవలసివచ్చెను. ఇట్టి వేళ, ఇంటిలో అడుగదగిన పెద్దదిక్కు గలవాడు గట్టెక్కును. తన కుటుంబమున తానే మొదటి పట్టభద్రుడైనవా డెవరి నడుగును? అంతర్జాలమున నేర్పడిన తోటి వృత్తివారి బృందమే వానికి మేనమామ. అందు మెలగుట తెలిసినవాడు ముందునకు పోవును, తెలియనివాడు వెనుకబడును. మనము దీనిని పిల్లల కాలక్షేపమని త్రోసివేయరాదు.

కూడి చదువుకొనుట ఈ ప్రాంతమునకు క్రొత్తగాదు. 1911లో ఈ బెజవాడయందే రామమోహన గ్రంథాలయము వెలసెను. 1914 ఏప్రిలులో అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారి కృషిచే ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ యిచ్చటనే జరిగెను. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవ కెక్కించి కృష్ణాకాలువ వెంట పల్లెలకు బంపిరి. పుస్తకము చెంతకు పోలేనివారి చెంతకు పుస్తకమే పోయెను. నేడు కాలువకు బదులు అంతర్జాలము, పడవకు బదులు ఫోను వచ్చినవి.

మన పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు సకల శాస్త్రములను తెలుగువారి కందింపవలెనని ఆంధ్ర విజ్ఞానసర్వస్వము నారంభించిరి. మూడు సంపుటములు వెలువడినవి. 1923లో వారు కాలధర్మము నొందిరి. అంతటి మహామహుడు, కొందరు పండితుల తోడ్పాటుతో, తన ఆయువు ధారవోసినను కొనసాగని పనిని నేడు సామాన్యులు పదుగురు చేరి సాగించుచున్నారు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారి చొరవచే మొదలైన తెలుగు వికీపీడియాలో నేడు లక్షకు మించిన వ్యాసములు గలవు. దాని దశాబ్ది ఉత్సవములు 2014 ఫిబ్రవరిలో విజయవాడయందే, కాకరపర్తి భావనారాయణ కళాశాలలో జరిగినవి. ఆ సందర్భమున లక్ష్మణరావుగారి పేరిట పురస్కారముల నొసంగిరి. అందు వ్రాయువారు జీతము గొనరు; ఒకరి నొకరు చూచియు నుండరు. వ్రాసిన ప్రతి వ్యాసమునకు చర్చాపుట యొకటి యుండును. ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరమును మార్చిరో చరిత్రపుటలో నిలిచియుండును. అందరు కూడి మాటలాడుకొను తావునకు వారు ‘రచ్చబండ’ అని పేరిడిరి. ఎంత చక్కని పేరో చూడుడు!

మేమును ఆ రచ్చబండ చేరితిమి. కృష్ణ ఆనకట్ట మాకు కొట్టినపిండి యను అహంకారముతో, కాటన్ దొరయే దగ్గరుండి దానిని కట్టించెనని వ్రాసితిమి. రెండు దినములకే ఎవరో “దీనికి ఆధారమేది?” అని చర్చాపుటలో అడిగిరి. మాకు కోపము వచ్చెను. ‘నలువది యేండ్లు ఈ కాలువలు కాచితిమి, మమ్మా ప్రశ్నించుట!’ అని దురుసైన ప్రత్యుత్తరము వ్రాయబోయి, రాత్రి గడచుగాక యని యాగితిమి. మరునాడు పాత గ్రంథములు తీసి చూడగా, మా చెవులనుండి చెవులకు వచ్చిన మాట తప్పని తేలెను. కాటన్ దొర గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్ట నిర్మించినవారు. 1852 మొదలు 1855 వరకు కృష్ణపై పని జరిపించినవారు కెప్టెన్ ఓర్ దొర. కాటన్ ప్రోద్బలము దానికి గలదు గాని, దగ్గరుండి కట్టించినది వారు గారు. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చువరకు ఈ డెల్టాకు అన్నము పెట్టిన కట్ట యది. దాని పనివాని పేరు, దాని గట్టున బ్రదికిన మాకే తెలియదు! “మాది పొరపాటు, దిద్దితిమి” అని వ్రాయుటకు మా చేయి వణకినది. ఆ అడిగినవారెవ్వరో నేటికిని ఎరుగము. వారు మాకు గురువులు.

ఈ అనుభవమునుండి, మన యువకులకు కావలసిన నేర్పులు ఐదని మాకు తోచుచున్నది.

మొదటిది, అడుగుట. బృందమున రెండువందలమంది యుందురు. నోరు తెరచువారు పదిమంది. తెలియదని చెప్పుటకు సిగ్గు. అడిగినను సరిగా అడుగుట లేదు. “చెరువులో రొయ్య చచ్చుచున్నది, ఏ మందు చల్లవలెను?” అని నాగాయలంకనుండి అడిగినచో ఎవరేమి చెప్పగలరు? పిల్ల వదలి ఎన్ని దినములైనది, నీటి ఉప్పదన మెంత, తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంత, మేత ఎంత యిడిరి, ఇదివర కేమి చేసిరి అని చెప్పి అడిగినచో సగము జవాబు ప్రశ్నలోనే దొరకును.

రెండవది, ఆధారము చూపుట. ఆడిటర్ల బృందమున “ఈ వస్తువుపై పన్ను లేదట” అను ‘అట’ మాట నమ్మి లెక్క దాఖలుచేసినవాడు జరిమానా కట్టును. ‘అట’ యన్నవాడు కట్టడు. ఏ సెక్షను, ఏ నోటిఫికేషను, ఏ తేదీ అని వ్రాయుట అలవరచుకొనవలయును. చదువక ముందే పదుగురికి పంపుట మానవలయును.

మూడవది, దిద్దుబాటును సహించుట. చిన్నవాడు పెద్దవానిని, స్త్రీ పురుషుని, గుమాస్తా అధికారిని అచ్చట దిద్దవచ్చును. మాటను ఖండించినవాడు మనిషిని ఖండించినట్లు గాదు. దిద్దువారును మర్యాద తప్పరాదు. ఎదుట ముఖము లేదు గదా యని నాలుకకు పగ్గము విడుచుట అవివేకము.

నాల్గవది, చెప్పరానిది చెప్పకుండుట. వైద్యుడు రోగియొక్క ఎక్స్‌రేను పేరుతో సహా బృందమున బెట్టుట, న్యాయవాది తన కక్షిదారుని కాగితములు చూపుట విద్యాదానము గాదు, విశ్వాసఘాతుకము. ఊరు పేరు తొలగించి, విషయమునే ఉంచవలయును.

ఐదవది, కూర్చిపెట్టుట. ఎంత మంచి చర్చయైనను మరునాటి శుభోదయ చిత్రముల క్రింద మునిగిపోవును. నిలువచేయని కాలువనీరు సముద్రము పాలగును గదా! వారమున కొకమారు ఒకరు పూనుకొని, ప్రశ్నను, తేలిన జవాబును, చెప్పినవారి పేరును ఒక పుటలో వ్రాసి యుంచవలయును. ఈ పనికి చప్పట్లు రావు. బృందమును విద్యాలయముగా చేయునది యిదియే.

ఇక ఒక చేదుమాట, క్షమింపవలయును. వికీపీడియాలో కులములనుగూర్చిన పుటలవద్ద జరుగు పోట్లాటలు అన్నియిన్ని గావు. తన కులము రాజవంశమని ఒకరు, కాదని వేరొకరు, తుడిచి తిరుగ వ్రాయుచుందురు. మనవారును ఆ పనికి పూనుకొనుట మే మెరుగుదుము. ఆధారములేని పొగడ్త మరునాడు తుడిచివేయబడును. వ్రాసినవాని మాట నటుపై నెవరును నమ్మరు. మన కాలువలు, మన పంటలు, మన వృత్తుల పనిముట్లు, మన ఊళ్ల బడులు: వీనినిగూర్చి ఆధారముతో వ్రాసినచో అవి నిలుచును. సంఘమునకు కీర్తి యట్లు రావలయును.

తుదకు మా విన్నపము. ఈ యేడు విద్యానిధినుండి కొంత సొమ్ము తీసి, మన వసతిగృహమున కంప్యూటర్లుగల యొక చదువుగది యేర్పరచుడు. వారమున కొక సాయంకాలము వృత్తిలోనున్న పెద్ద లచ్చటికి వచ్చి, విద్యార్థులతో గూడి అంతర్జాలబృందములలో పాల్గొని, అడుగుట, దిద్దుకొనుట వారి యెదుటనే చేసి చూపవలయును. పెద్దలు తప్పు ఒప్పుకొనగా చూచిన పిల్లవాడు తా నొప్పుకొనుటకు జంకడు. ఆ గది తలుపు అన్ని కులములవారికిని తెరచియుంచుడు. రచ్చబండమీద కులమడుగరు గదా.

మేము మొదటి దినమున వచ్చి కూర్చుండుటకు సిద్ధముగా నున్నాము. మా మాటలలో దోషములున్న యెడల సభవారు ఆధారముతో దిద్దుదురు గాక. ఈసారి మా చేయి వణకదు.