వేసవి సెలవులు – బాలల పఠనము



ఏప్రిల్ చివర మూతపడిన బడులు జూన్ రెండవ వారమున గాని తెరువబడవు. ఉదయ సాయంకాలములు బాలలకు ఆటలుండనే యున్నవి. నడి మధ్యాహ్నము మాత్రము ఎండ గడప దాటనీయదు. ఆ మూడు గంటలను నేడు చేతి ఫోను హరించుచున్నది. ఏడాది పొడుగున అక్షరము అక్షరము కూడబలుకుకొని చదువ నేర్చిన పసివాడు ఏడు వారములు పుస్తకము ముట్టనిచో, నేర్చినదానిలో కొంత మరచియే బడికి మరలును.

బాలలు చదువరని నిందించుట సులభము. పుస్తకము వారి చేతికి ఎట్లందుచున్నదో విచారించువారు అరుదు. బాలల పుస్తకములు చినుగునను భయముతో బీరువాలో తాళము క్రింద నుండును. ఇంట నెవరైన నొక పుస్తకమిచ్చిరా, మరునాడే ప్రశ్నలడిగి పరీక్ష పెట్టుదురు. సెలవు సెలవు కాకపోయిన బాలుడు పుస్తకమును శత్రువుగా నెంచును.

సాలిం అలీ బాల్యమున నొక వింత పిచ్చుకను గొట్టి, దాని పేరు తెలియక బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు కొనిపోయెను. కార్యదర్శి మిల్లర్డు ఆ పిల్లవానిని కసరలేదు. పక్షి పేరు చెప్పి, బీరువాలు తెరచి చూపి, చదువుకొనుటకు పుస్తకములిచ్చెను. ఆ బాలుడే పెరిగి 1931లో హైదరాబాదు సంస్థానమందలి పక్షులను పరిశోధించెను. అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడినది. దాని గట్టుపై నిలిచి "ఆ పిట్ట పేరేమి?" యని యడుగు బాలుడు ఈ గ్రామమున లేకపోడు. వానికి జవాబు చెప్పు బొమ్మల పుస్తకము గ్రంథాలయమున నుండవలెను. అడిగిననాడే వాని చేతికందవలెను.

1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకములు నడిపించి, తీరగ్రామముల పాఠకుల కందజేసిరి. ఇచ్చట పడవ యక్కరలేదు. ఒక సంచి చాలును. పటాన్‌చెరు కర్మాగారములలో పనిచేయుటకు ఇతర రాష్ట్రములనుండి వచ్చినవారి బిడ్డలనేకులకు ఇంటిభాష తెలుగు కాదు. వారి వాడలకు వారమున కొకమారు ఆ సంచి పోవలెను.

వేసవి మధ్యాహ్నములందు గ్రంథాలయము తెరచియుండుగాక. చదువ నేర్చిన పెద్దలొకరు బాలలను చుట్టును కూర్చుండబెట్టుకొని కథ చదివి వినిపింతురుగాక. కథ సగములో నాపి పుస్తకమును బాలుని కిచ్చినచో, తక్కినది తెలిసికొను ఆతురతతో వాడే చదువుకొనును. పరీక్ష వలదు. నచ్చని పుస్తకమును నడుమనే విడిచి మరియొకటి కోరినను తప్పు పట్టవలదు.

చినిగిన పుటను అతికింపవచ్చును. పోయిన ప్రతిని జాబితాలో కొట్టివేయవచ్చును. ఇరువదియైదేండ్లు ఎవరి చేయియు సోకక కొత్తగానే నిలిచిన పుస్తకమును ఏ పద్దున జమ కట్టవలెను? రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయ కార్యవర్గము రాబోవు వేసవికి ముందే బాలల బీరువా తాళము తీయుగాక.