బీరువా అడుగున ఉన్న గొంతులు



ఈ వేదిక మీద సాధారణంగా పిల్లల చదువుల గురించీ, పేదల వైద్యం గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి మన ఇళ్లలోనే బీరువాల అడుగున, అటకల మీద పడివున్న ఒక ఆస్తి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. అవి పాత క్యాసెట్లు.

ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్‌ను బయటికి తెచ్చింది. కడప, రాయచోటి, నెల్లూరు, హైదరాబాదు పాతబస్తీలనుంచి మనవాళ్లు కువైట్‌కు, సౌదీకి, దుబాయ్‌కి వెళ్లడం మొదలైన రోజుల్లో టేప్ రికార్డర్ ఇంటింటికీ చేరింది. అప్పట్లో ఫోన్ అంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కాచుకోవడమే. ఉత్తరం వస్తే, చదువురాని తల్లికి పక్కింటివాళ్లెవరో చదివిపెట్టాలి. కొడుకు కష్టసుఖాలు ముందు వాళ్లకు తెలిసి, తర్వాతే తల్లికి తెలిసేవి. అందుకే ఎన్నో ఇళ్లలో మాటలు నింపిన క్యాసెట్‌నే ఊరికొచ్చే మనిషి చేతికిచ్చి పంపేవాళ్లు. ఇక్కడినుంచి అమ్మీ జవాబు కూడా క్యాసెట్లోనే వెళ్లేది. ఫోటో కూడా దిగని దాదీలు, నానీల గొంతు ఒక్క ఆ క్యాసెట్లోనే మిగిలివున్న ఇళ్లు మనలో ఉన్నాయి.

ఆ గొంతు శాశ్వతం కాదు. టేపు అంటే పలుచని ప్లాస్టిక్ మీద ఐరన్ ఆక్సైడ్ పూత. తేమకు బూజు పడుతుంది. టేపును హెడ్‌కు ఆనించి ఉంచే చిన్న ఫెల్ట్ ముక్క జిగురు ఎండి ఊడిపోతుంది. సీ-120 క్యాసెట్లలో టేపు మరీ పలుచన, తేలిగ్గా చిక్కుపడుతుంది. క్యాసెట్ బాగున్నా, దాన్ని వినిపించే యంత్రం దొరకడమే కష్టమవుతోంది. బాగుచేసే మెకానిక్కులూ తగ్గిపోయారు.

అయినా ఇంట్లోనే చేసుకోగలిగిన పని ఇది. బాగా పనిచేసే టేప్ రికార్డర్, ఒక కంప్యూటర్, రెండింటినీ కలిపే చిన్న తీగ చాలు. ముందుగా క్యాసెట్ పైఅంచున ఉన్న రెండు ప్లాస్టిక్ పలుకులనూ విరిచెయ్యాలి. అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత మాట చెరగదు. బూజు కనబడితే ఆ క్యాసెట్‌ను యంత్రంలో పెట్టకుండా, తెలిసినవారికి చూపించాలి. టేప్ రికార్డర్ హెడ్‌నూ, రబ్బరు రోలర్‌నూ దూదిపుల్లతో తుడవాలి. హెడ్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడవచ్చు. ఆ తర్వాత టేపును ఈ చివరనుంచి ఆ చివరకు ఒకసారి తిప్పి, మళ్లీ వెనక్కి తేవాలి. ఏళ్ల తరబడి బిగుసుకున్న చుట్ట సర్దుకుంటుంది.

తీగను కంప్యూటర్లో మైక్ రంధ్రానికి కాకుండా లైన్-ఇన్‌కు కలపాలి. అది లేకపోతే యూఎస్‌బీ ఆడియో పరికరం కొనుక్కోవచ్చు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. గట్టిగా మాట్లాడినచోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే మాట పగలదు. అసలు ప్రతిని వేవ్ ఫైలుగా దాచాలి. సీడీ నాణ్యతలో గంటకు సుమారు 635 ఎంబీ పడుతుంది. బంధువులకు పంపడానికి చిన్న ఎంపీ3 వేరుగా చేసుకోవచ్చు. హోరు తగ్గించే ప్రయోగాలు నకలు మీదే చెయ్యాలి. హోరుతోపాటు మనిషి ఊపిరి, వెనక పిల్లల అల్లరి, వీధిలో కేక కూడా పోతే, ఆ ఇల్లే పోయినట్టు.

ఫైలుకు పేరు పెట్టేటప్పుడు ఎవరి గొంతు, ఏ ఊరు, సుమారు ఏ సంవత్సరం అన్నది రాయాలి. ఆ గొంతులను గుర్తుపట్టే పెద్దలు మన మధ్య ఉండగానే వారిని పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. ఫైలును కనీసం రెండుచోట్ల దాచాలి, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. క్యాసెట్‌ను మాత్రం పారెయ్యకూడదు.

ఇంకొక మాట. అందులో అప్పుల సంగతులుంటాయి, ఆలుమగల మాటలుంటాయి, ఒకరి మీద ఒకరి ఫిర్యాదులూ ఉంటాయి. ఒక తల్లి తన కొడుకు వినడానికి చెప్పిన మాట అది. ఇంటివాళ్లను అడగకుండా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం తగదు. అది మన చేతికొచ్చిన అమానత్. ఎవరిదో వారికే చేరాలి.

దాతలను ఈ పని కోసం మేము అడిగేది పెద్ద మొత్తం కాదు. 90 నిమిషాల క్యాసెట్‌ను ఎక్కించడానికి 90 నిమిషాలూ పడుతుంది, దానికి దగ్గరదారి లేదు. కాబట్టి మీ ఇంట్లో పనిచేసే టేప్ రికార్డర్ ఊరికే ఉంటే ఇవ్వండి. కంప్యూటర్ తెలిసిన మీ పిల్లలను వారానికి ఒక పూట పంపండి. యంత్రం కొనలేని ఇళ్లలోనూ ఇలాంటి గొంతులున్నాయి. ఆ ఇంటి మనవడు తన దాదీ మాట వినగలిగితే, అది కూడా మనం చేసిన సహాయమే.