ఓకీలు, కూలీలు

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుణ్ణి కాను. ఈ మలేసియాలోనే పుట్టి, బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ, తెలుగు అక్షరాలను రాత్రి బడిలో దిద్దుకున్నవాణ్ణి. ఈ రోజు మీకు ఒక అమెరికా నవలను గూర్చి చెప్పదలచాను. జాన్ స్టైన్‌బెక్ వ్రాసిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' 1939లో వెలువడింది. 1940లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అదే సంవత్సరం జాన్ ఫోర్డ్ దానిని సినిమాగా తీశాడు. 1962లో రచయితకు నోబెల్ బహుమతి లభించింది.

అయితే బహుమతులను చూసి నేను ఈ పుస్తకాన్ని ఎన్నుకొనలేదు. మా తరగతిలో ఒక అబ్బాయి, "మాస్టారూ, మా ముత్తాత ఇక్కడికి గుమాస్తాగా వచ్చాడట, నిజమేనా?" అని అడిగాడు. ఈ గుమాస్తా మాట మన ఇళ్ళలో తరచు వినిపిస్తుంది. ముత్తాత కూలీగా వచ్చాడని చెప్పుకొనడానికి మనకు నామోషీ. ఆ నామోషీకి ఈ నవల మంచి మందు అని నా నమ్మకం.

కథ ఓక్లహోమా రాష్ట్రంలో మొదలవుతుంది. జోడ్ కుటుంబంవారు కౌలు రైతులు. 1930లలో అక్కడ వానలు లేక, పైమట్టి ధూళియై లేచిపోయింది. పంటలు ఎండిపోయాయి. భూమి బ్యాంకుల చేతిలోకి పోయింది. పన్నెండు పధ్నాలుగు కుటుంబాలు చేసే సేద్యాన్ని ఒక్క ట్రాక్టరుతో ఒక్క మనిషి చేయగలడని తేల్చి, కౌలుదార్లను వెళ్ళగొట్టారు. జోడ్ కుటుంబంలో తాత మొదలు చిన్న పిల్లల వరకు పన్నెండు మంది. వారు ఒక పాత హడ్సన్ కారును లారీగా మార్చుకొని, 66వ నెంబరు రహదారి మీద కాలిఫోర్నియాకు బయలుదేరారు. దారి పొడుగునా టైరు పేలుతుందేమో అన్నదే వారి భయం.

ఆ టైర్ల మాట చదివినప్పుడు నేను కొంతసేపు ఆగిపోయాను. ఆ కాలంలో ప్రపంచంలోకెల్లా ఎక్కువగా రబ్బరు పండించినది మన మలయా. ఎక్కువగా కొన్నది అమెరికా. మన పెద్దలు తెల్లవారుజామున లేచి, చెట్లకు గాటు పెట్టి తీసిన పాలే అక్కడి కార్ల చక్రాలయ్యాయి. అమెరికాలో మాంద్యం వచ్చి కార్ల అమ్మకం పడిపోగానే, ఇక్కడ రబ్బరు ధర పడిపోయింది, కూలి తగ్గింది, 1930 తరువాత వేలాది మందిని ఓడలెక్కించి ఇండియాకు తిప్పి పంపారు. అక్కడి రైతును రోడ్డు మీదికి నెట్టిన గాలి, ఇక్కడి మన లైన్ల ఇళ్ళ మీద కూడా వీచిందన్నమాట.

జోడ్ కుటుంబాన్ని కాలిఫోర్నియాకు రప్పించినది ఒక కరపత్రం. పండ్లు కోయడానికి మనుషులు కావాలి, కూలి బాగుంటుంది అని అందులో అచ్చు వేశారు. దారిలో ఒక చిరుగుబట్టల మనిషి ఆ కాగితం లెక్క విప్పి చెబుతాడు. యజమానికి కావలసినది ఎనిమిది వందల మంది. అచ్చు వేసేది ఐదు వేల కాగితాలు. చదివేవారు ఇరవై వేలు కావచ్చు. అవసరానికి మించి జనం వచ్చి పడితే, ఆకలితో ఉన్నవాడు ఎంత ఇచ్చినా పని చేస్తాడు. తరువాత ఒక పీచ్ తోటలో సరిగ్గా ఇదే జరుగుతుంది. సమ్మె నడుస్తున్నంతకాలం పెట్టెకు ఐదు సెంట్లు ఇస్తారు. సమ్మె విరగగానే అది రెండున్నర అవుతుంది.

మనకు కరపత్రం బదులు కంగాణి వచ్చాడు. తోటలో పనిచేసే మనిషినే అతని ఊరికి పంపేవారు. తన వాళ్ళను తానే పోగుచేసి తెచ్చినందుకు తలకింత అని అతనికి ముట్టేది. విశాఖపట్నం, గోదావరి, గంజాం ప్రాంతాల నుండి మనవాళ్ళు ఎందరో అలా వచ్చి, రబ్బరు తోటల్లోను, దిగువ పేరాక్ కొబ్బరి తోటల్లోను స్థిరపడ్డారు. 1938లో ఇండియా ప్రభుత్వం ఈ కూలీల ఎగుమతిని ఆపివేసింది. ఆ అబ్బాయి ముత్తాత కూడా మోసపోయేంత తెలివితక్కువవాడు కాడు. మనిషి తక్కువ కూలికి దొరకాలని ఎవరో ముందే లెక్క కట్టారు. సిగ్గుపడవలసింది ఆ లెక్క కట్టినవారు కాని, నమ్మి వచ్చినవారు కారు.

'ఓకీ' అనే మాటకు మొదట ఓక్లహోమావాడు అనే అర్థం. కాలిఫోర్నియాలో అది తిట్టుగా మారింది. కూలి చేసేవాడు కూలీ. మన విషయంలో అదీ తిట్టే అయింది. మాటలో తప్పు లేదు, పలికినవాడి నోటిలో ఉన్నది.

రెండు కథలూ ఒకటే అని మాత్రం నేను అనను. ఓకీలు తమ దేశంలోనే తిరిగిన తెల్లవారు, ఓటు హక్కు గల పౌరులు. మనవాళ్ళు సముద్రం దాటి పరాయి పాలనలోకి వచ్చారు. కాలిఫోర్నియా తోటల్లో ఓకీలకంటె ముందునుంచీ చెమటోడ్చిన మెక్సికనుల గూర్చి, ఫిలిప్పీనుల గూర్చి ఈ నవలలో ఉన్నది చాలా తక్కువ. అది ఈ గ్రంథంలోని లోపమే. ఒకరి కష్టం వ్రాసేటప్పుడు మరొకరి కష్టం మరుగున పడడం మన విషయంలోనూ జరుగుతున్నది.

ఇక పిల్లలు ముఖ్యంగా వినవలసిన ఘట్టం ఒకటి ఉన్నది. ప్రయాణం మొదటి రాత్రే తాత చనిపోతాడు. చావును అధికారులకు తెలిపి, లాంఛనంగా పాతిపెట్టడానికి ఉన్న డబ్బు చాలదు. దారి పక్కనే తామే గొయ్యి తీస్తారు. కాని ఎవరైనా తవ్వి చూసి, ఇది హత్య అనుకుంటే? అందుకని ఒక బైబిలులోని తెల్ల కాగితం చింపి, ఈయన పేరు ఇది, ముసలివాడు, జబ్బుతో పోయాడు, ఎవరూ చంపలేదు అని వ్రాసి, గాజు సీసాలో పెట్టి, ఆయనతోపాటు పాతిపెడతారు.

కరపత్రం వ్రాసినవాడు వారిని అంకెలుగా చూశాడు. ఈ చిన్న కాగితం మాత్రం ఒక ముసలాయనను పేరు గల మనిషిగా నిలిపింది. మన తోటల్లో పోయిన పెద్దలలో చాలామందికి సమాధి రాయి లేదు. తోటలు చేతులు మారాయి, లైన్ల ఇళ్ళు కూలాయి. ఆ పేర్లు ఇప్పుడు మన ఇళ్ళలోని అవ్వల నోట మాత్రమే ఉన్నాయి.

కాబట్టి నేను కోరేది ఒక్కటే. ఈ పండుగ వెళ్ళకముందే, ఇంటికొకరు ఒక కాగితం వ్రాయండి. ముత్తాత పేరు, ముత్తవ్వ పేరు, బయలుదేరిన ఊరు, పనిచేసిన తోట, చేసిన పని. కూలీ అయితే కూలీ అనే వ్రాయండి, గుమాస్తా అని వ్రాయవద్దు. తెలుగు లిపి వచ్చిన పిల్లలు తెలుగులో వ్రాయండి. రానివారికి మా సాయంకాలపు తరగతి తలుపు తెరిచే ఉన్నది. అక్షరాలు నేర్పి, ఆ మొదటి కాగితం దగ్గర కూర్చుని వ్రాయించే పూచీ నాది.