సెల్లుఫోనులో విలువిద్య



ధర్మపురిలో గోదావరి గట్టున కాలము గడుపుచున్న ముసలివాడు సెల్లుఫోనులోని బాణముల యాటను గూర్చి ప్రసంగించుటేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నిరుటి వేసవి వఱకు నేనును అట్లు నవ్వినవాడనే. నా మనుమడు కరీంనగరములో ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. సెలవులకు మా యింటికి వచ్చినపుడు నరసింహస్వామి దర్శనము చేసికొని, ఏటి మెట్లపై కూర్చుండి, చీకటి పడువఱకు తలయెత్తక ఆ యాటయే యాడుచుండెడివాడు. పిల్లవాడు గదా యని ఊరకుంటిని.

ఒకనాడు నా పింఛను లెక్క చూచుకొనగా 1,499 రూపాయలు తక్కువ వచ్చినవి. విచారింపగా, ఆ డబ్బుతో మావాడు ఆటలో బంగారు విల్లు కొనినాడని తేలినది. నా ఫోనులోని రహస్యాంకె వానికెట్లు తెలిసెనని యడుగుదురేమో! కండ్లు సరిగా కనబడక, కరెంటు బిల్లు కట్టునపుడెల్ల వానిచేతనే ఆ యంకె నొక్కించినవాడను నేను. తప్పులో సగము నాది. "బాపుకు చెప్పకు తాతా, అందరు కొన్నరు. ఉట్టి విల్లుతోని ఎవ్వడు గెలువడు" అని వాడు కండ్లనీళ్లు పెట్టుకొనెను.

ఆ చివరి మాట నాకు పట్టుకొన్నది. ఉత్త విల్లుతో గెలువ వీలులేదా? "సరే, నాకు ఆట నేర్పు. నెలదినముల పిమ్మట నీవు బంగారు విల్లుతోను, నేను ఉత్త విల్లుతోను పది యాటలాడుదము. అందులో ఒక్కటి నేను గెలిచినను, ఇకమీద నీవు ఆటకొఱకు పైసా ఖర్చు పెట్టరాదు. పదియు ఓడితినా, రెండవ విల్లు నేనే కొనిపెట్టెదను" అంటిని. వాడు వెంటనే ఒప్పుకొనెను. డబ్బొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను మన తెలంగాణమున 2017లోనే చట్టము నిషేధించినది; 2025లో కేంద్ర ప్రభుత్వమును దేశమంతటికి అట్టి చట్టము చేసినది. మావాని యాటలో గెలిచినవానికి డబ్బు రాదు గనుక అది ఆ కోవలోనిది కాదు. అయినను తాతామనుమలు వేసికొన్నది మాత్రము పందెము కాదా యని మా యింటావిడ ఎత్తిపొడిచినది. నా యొద్ద సమాధానము లేకపోయెను.

ఆట యెట్టిదో చెప్పెదను. తెరకు ఈ కొసన మన విలుకాడు, ఆ కొసన ఎదిరి విలుకాడు నిలుచుందురు. వ్రేలు తెరపై మోపి వెనుకకు లాగినచో నారి సాగును. ఎంత దూరము లాగిన అంత బలము. వ్రేలిని ఎంత క్రిందికి దించిన బాణపు మొన అంత పైకి లేచును. ఆ రెంటి కొలతలును తెరపై అంకెలుగా కనబడుచుండును. వ్రేలెత్తగానే బాణము పోవును. ఒకరి తరువాత ఒకరు వేయవలెను. గాలి యెటు, ఎంత వీచుచున్నదో మూలనొక చిన్న బాణపు గుర్తు చూపును; అది సారి సారికి మారును. బంగారు వింటి బాణములు రెండు తగిలిన ప్రాణము పోవును. నా ఉత్త వింటికి మూడు తగులవలెను. తేడా అంతే.

మొదటి వారమంతయు ఓడితిని. నా బాణములు ఒకమారు ఎదుటివాని కాళ్లముందు పడెడివి, ఒకమారు తలపైనుండి పోయెడివి. పడుటయే చూచుచుంటిని గాని, ఎందుకు పడినవో చూడనైతిని. అప్పుడు నాకు చిన్ననాటి మాట యొకటి జ్ఞప్తికి వచ్చినది.

ఆ దినములలో ఆవలి గట్టు అడవులనుండి కొలాము వృద్ధుడొకడు మా యింటికి తేనె తెచ్చి యిచ్చుచుండెడివాడు. అతనికడ వెదురు విల్లు ఉండెడిది. ఇసుకలో తాటిమట్ట పాతి మాచేత బాణములు వేయించెడివాడు. బాణము తప్పగానే మేము రెండవది సంధింపబోవగా చేయి పట్టి ఆపెడివాడు. "ముందు పోయి అది యాడ పడ్డదో చూసి రా" అనెడివాడు. ఎండలో, కాలు కాలుచుండగా, తప్పిన ప్రతి బాణము కడకును నడిచి పోవలసి వచ్చెడిది. మాకది శిక్షవలె తోచెడిది. మట్టకు ఎన్ని యడుగుల ఇవతల పడినది, ఏ ప్రక్కకు వాలినది అని అతడు అడిగిన పిమ్మటగాని రెండవ బాణము చేతికిచ్చెడివాడు కాడు.

ఫోనులో నడిచి పోవుటకు వీలులేదు. కాని బాణము పడిన చోటు రెప్పపాటు కాలము తెరపై నిలుచును. మావాడు ఆ రెప్పపాటున కోపముతో పండ్లు కొఱుకుచుండును, నేను చూడసాగితిని. ఒక తెల్లకాగితము దగ్గర పెట్టుకొని, వేసిన ప్రతి బాణమునకును లాగిన బలము, ఎత్తిన కోణము, గాలి, పడిన చోటు, ఈ నాలుగును వ్రాసికొంటిని. పది దినములలో ఆ కాగితము నాకు గురువైనది.

అందువలన తెలిసిన మొదటి సంగతి: బలమును, కోణమును ఒకేమారు మార్చరాదు. రెండును మార్చినచో ఏది మేలు చేసెనో, ఏది కీడు చేసెనో ఎన్నటికిని తెలియదు. నేను నారిని ఎల్లప్పుడును పూర్తిగా లాగి, కోణము నొక్కదానినే మార్చుట మొదలుపెట్టితిని. దీనికి వేఱొక కారణమును కలదు. బలము పదింట ఒక పాలు పెరిగినచో బాణము పోవు దూరము పదింట రెండు పాళ్లకు మించి పెరుగును. వ్రేలు వెంట్రుకవాసి జరిగినను గుఱి చెడును. పూర్తిగా లాగినపుడు ఆ బెడద లేదు. పూర్తిగా లాగవలెనన్న వ్రేలికి చోటుండవలెను గదా! మన విలుకాడు ఎడమ కొసన ఉండుటచేత అందఱును అతనిమీదనే వ్రేలు మోపుదురు. లాగబోవగా తెర అయిపోవును. కుడి ప్రక్కన మోపి ఎడమకు లాగుడు. ఫోనును చేత ఊపక ఒడిలోనో మెట్టుమీదనో ఆనించుడు. చెమ్మ వ్రేలు జాఱును. పంచె కొంగుతో తుడుచుకొనుడు.

రెండవది గాలి. ఒకే దూరమునకు రెండు త్రోవలు కలవు. పదునైదు డిగ్రీల కోణమున వేసినను, డెబ్బదియైదు డిగ్రీల కోణమున వేసినను బాణము ఒకే చోట పడును. ఇది గాలి నిరోధము లేని లెక్క, ఇట్టి ఆటలలో తఱచుగా నడచునదియు ఆ లెక్కయే. కాని ఎత్తుగా పోయిన బాణము పల్లముగా పోయినదానికంటె నాలుగు రెట్లకు కొంచెము తక్కువ కాలము ఆకాశమున ఉండును. అంతసేపును గాలి దానిని త్రోయుచునే యుండును. కావున గాలి గట్టిగా ఉన్నపుడు పల్లపు బాణమే శరణ్యము. అయితే పల్లపు బాణమునకును ఒక దోషము కలదు: అక్కడ ఒక్క డిగ్రీ తేడా దూరమును చాల మార్చును, నలుబదియైదు డిగ్రీల దరిదాపున ఒక డిగ్రీ తేడాకు దూరమంతగా మారదు. గాలి లేనపుడు ఏది యెంచుకొనవలెనో కాగితము చూచి తేల్చుకొంటిని.

ద్రోణాచార్యుడు శిష్యులను పరీక్షించిన కథ మీకు తెలియనిది కాదు. అర్జునుడు భాసపక్షి తలను తప్ప వేఱేమియు చూడనని చెప్పి మెప్పు పొందెను. చనువు తీసికొని ఒక మాట అనెదను: ఈ యాటలో అర్జునుని జవాబు పనికిరాదు. పక్షి తలను మాత్రమే చూచువాడు మూలనున్న గాలి గుర్తును చూడడు. అన్నట్లు, తల తగిలిన ఎక్కువ దెబ్బయని మావాడు ఎప్పుడును తలకే గుఱిపెట్టును. నేను ఱొమ్మునకు పెట్టుదును. కొంచెము పైకి పోయిన తల తగులును, క్రిందికి పోయిన కాలు తగులును, వట్టిపోదు.

మూడవది ఓర్పు. దెబ్బ తగులగానే మావాడు వ్రేలు మోపి వెంటనే వదలును. నిజమైన విలువిద్యా పోటీలలో ఎదురెదురుగా పోరునపుడు ఒక్కొక్క బాణమునకు ఇరువది సెకనులు ఇత్తురు. చక్రములమర్చిన కాంపౌండు వింటితో ఏబది మీటర్ల దూరమునుండి వేయుదురు. నడుమనున్న పది మార్కుల వలయము అడ్డకొలత 8 సెంటీమీటర్లే. 2023లో చైనా దేశపు హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో విజయవాడ యువతి వెన్నం జ్యోతి సురేఖ తుదిపోరున 150 మార్కులకు 149 తెచ్చుకొని స్వర్ణపతకము గెలిచినది. అనగా పదునైదు బాణములలో పదునాలుగు ఆ వలయముననే నాటినవి. ఎదిరి ఎట్లు వేసినను ఆమె బాణము నంటలేదు గదా! మన పాత కరీంనగరం జిల్లా పిల్ల తానిపర్తి చికిత 2025లో కెనడా దేశపు విన్నిపెగ్ నగరమున ఇరువదియొక్క ఏండ్ల లోపు వారి ప్రపంచ పోటీలలో ఈ కాంపౌండు వింటితోనే స్వర్ణము గెలిచినది. ఈ సంగతి చెప్పినపుడు మావాడు, "మన జిల్లానా?" అని మొదటిసారి ఫోనునుండి తలయెత్తెను.

నెల తీరినది. సాయంకాలము ఏటి మెట్లపై కూర్చుంటిమి. మా యింటావిడయు వచ్చి పై మెట్టున కూర్చుండెను. వరుసగా ఆరాటలు ఓడితిని. బంగారు విల్లు బలము బలమే, దానిని కాదనను. ఏడవ యాటలో గాలి గుర్తు సున్న చూపెను. మొదటి బాణము ముందు పడినది. ఎంత ముందో చూచితిని. రెండవది ఱొమ్మున నాటెను. వాని బాణమొకటి నాకు తగిలినది, రెండవది తలపైనుండి పోయెను. మూడవ బాణమును, నాలుగవ బాణమును నేను రెండవదాని కోణముననే, అంకె మారకుండ వేసితిని. మావాని విలుకాడు కూలెను.

"గాలి లేదు కాబట్టి గెలిచినవ్" అనెను వాడు. నిజమే. మిగిలిన మూడును నేనే యోడితిని. అయినను వాడు మాట తప్పలేదు. మొగము ముడుచుకొనియే యైనను ఒప్పుకొనెను. వాని బాపుకు నేను చెప్పలేదు. వాడే చెప్పి తిట్లు తినెనట. రహస్యాంకె మార్చితిని. కరెంటు బిల్లు మాత్రము ఇప్పటికిని వాడు వచ్చినపుడే కట్టించుచున్నాను, అంకె నేనే నొక్కుకొనుచు.

ఇప్పుడు ఆదివారము ఆదివారము కరీంనగరమునుండి నాతో ఒక యాట ఆడును. బంగారు విల్లు వానియొద్ద ఉండనే యున్నది. ఇంతవఱకు వానివి పదునొకండు గెలుపులు, నావి నాలుగు. పోయిన వారము ఆట నడుమ చాలసేపు వాని బాణము రాలేదు. ఏమిరా నిద్రపోతివా యని ఫోను చేసి యడిగితిని. "ఆగు తాతా, రాసుకుంటున్న" అనెను.